రెండు వందల నలభై బొబ్బాకుల సమ్మతి

చలిపుట్టులోని శీతల పుష్ప పరిశోధనా కేంద్రంలో నైతికత లేదన్న సంగతి, అది పెట్టిన పందొమ్మిదేళ్ళకు గానీ బయటపడలేదు. అప్పుడైనా ఎవరో ఫిర్యాదు చేసి కాదు. గ్రేడింగ్ కోసం పంపాల్సిన ఎనభై పేజీల దరఖాస్తు నింపుకుంటూ వస్తున్న సూపరింటెండెంట్ అప్పలాచారి కలం నలభై ఏడో పేజీలో ఆగిపోయింది.

"సార్, మనకు నైతికత ఉందా అని అడుగుతున్నారు," అన్నాడు.

డైరెక్టర్ పరాంకుశం గారు టీ కప్పు కింద పెట్టారు. "ఎన్ని మార్కులు?"

"పదిహేను సార్."

"అయితే ఉండాల్సిందే."

ఆ ఏడు కేంద్రాలన్నిటికీ గ్రేడింగ్ జ్వరం పట్టుకుంది. కొండ దిగువనున్న మిరియాల కేంద్రం వాళ్ళకి అంతకుముందే 'ఏ' గ్రేడు వచ్చింది. వాళ్ళు ఊరుకున్నారా, ఆ అక్షరాన్ని మనిషెత్తున గేటు మీద రాయించుకున్నారు. పరాంకుశం గారు ఎప్పుడు పట్నం వెళ్ళినా కారు ఆ గేటు ముందు నుంచే పోవాలి. అక్కడికి రాగానే ఆయన దినపత్రిక తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

"నైతికత అంటే ఏమిటట?" అని అడిగారు.

అప్పలాచారి పేజీ మీద వేలు పెట్టి చదివాడు. "ఎథిక్స్ కమిటీ ఉన్నదా? ఎన్నిసార్లు సమావేశమైనది? పరిశోధనకు లోబడు వారి నుండి ఎన్ని సమ్మతి పత్రములు స్వీకరించినది?"

"మన దగ్గర పరిశోధనకు లోబడేది ఎవరయ్యా?"

ఆ గదిలో అప్పటికి పది నిమిషాలుగా, మంచు కొలిచే థర్మామీటర్ల కాగితం మీద సంతకం కోసం వింధ్యావళి నిలబడి ఉంది. నిలబడకపోయినా బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. ఇద్దరి చూపులూ ఒక్కసారి ఆమె మీద పడ్డాయి.

"ఏమ్మా, నీ మొక్కలకి ఏదో జబ్బు కదూ?" అన్నారు పరాంకుశం గారు ఆప్యాయంగా. మూడేళ్ళలో ఆయన ఆమె పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

వింధ్యావళిది పార్వతీపురం. వైరస్‌ల మీద డాక్టరేట్ చేసి, కాంట్రాక్టు మీద ఇక్కడ చేరింది. ఆమె మొక్కల పేరు బటర్‌కప్. పూర్వం ఎవరో తెల్లదొర తన బంగళా ముందు అందానికి వేసుకున్నాడు. దొర పోయాడు, బంగళా కూలింది, మొక్క మాత్రం వాగుల వెంట పాకిపోయింది. నూనె రాసినట్టు మెరిసే పసుపు పువ్వు. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. అందుకని అక్కడి వాళ్ళు దాన్ని బొబ్బాకు అంటారు, పశువులు దాన్ని ఏమీ అనకుండా తప్పుకుపోతాయి.

ఈ బొబ్బాకులో ఒక వైరస్ ఉంది. అది సోకితే ఆకుల మీద లేత పసుపు చారలు వస్తాయి. వచ్చినా మొక్క చావదు. పైపెచ్చు, జనవరి మంచుకి చారలు లేని మొక్కలు కమిలిపోతుంటే చారలున్నవి నిక్షేపంగా నిలబడడం వింధ్యావళి మొదటి ఏడాదే గమనించింది. జబ్బు మొక్కకి మేలు చేస్తోందా? ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె సన్నటి వల కట్టిన ఇంట్లో రెండు వందల నలభై మొక్కలు పెంచింది. తూర్పు మడుల్లో నూట ఇరవై జబ్బువి, పడమటి మడుల్లో నూట ఇరవై ఆరోగ్యమైనవి. ఈ మొక్క రసం ఆ మొక్కకి అంటకూడదు. వైరస్‌ని మోసే పేనుబంక లోపలికి రాకూడదు. పని ఎప్పుడు మొదలెట్టినా ఆరోగ్యమైన వాటితో మొదలెట్టి జబ్బువాటితో ముగించాలి, మధ్యలో సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇల్లాలు కూడా అంత పట్టుగా ఉండదు.

వచ్చే జనవరి మంచు ఆఖరి పరీక్ష. దాని ఫలితంతో ఒక పేపరు అచ్చయితేనే మార్చి నెలాఖరున కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే పెట్టె సర్దుకోవాలి.

"జబ్బే సార్," అంది వింధ్యావళి.

"జబ్బు ఉన్నచోట రోగి ఉన్నట్టే. రోగి ఉన్నచోట సమ్మతి ఉండాలి." పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "రాసుకోవయ్యా అప్పలాచారీ."

నియమావళి సంపాదించడం కష్టం కాలేదు. అప్పలాచారి బావమరిది ఒక పెద్దాసుపత్రిలో పని చేస్తున్నాడు. అక్కడి ఎథిక్స్ కమిటీ నియమాలు సాయంత్రానికల్లా కంప్యూటర్లోకి వచ్చాయి. వాటిలో 'రోగి' అని ఉన్న చోటల్లా 'మొక్క' అని మార్చడానికి పావుగంట పట్టింది. మిగతాదేదీ ముట్టుకోలేదు. పెద్దవాళ్ళు ఆలోచించి రాసినవాటిని ముట్టుకోవడం అప్పలాచారి స్వభావం కాదు. అందువల్ల మొక్క వెంట వచ్చిన బంధువులకు కుర్చీలు వేయాలన్న నియమం అలాగే ఉండిపోయింది, వల ఇంటి ముందు నాలుగు కుర్చీలు వెలిశాయి.

కమిటీకి న్యాయ సభ్యుడు కావాలన్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు టార్పాలిన్ పట్టా కింద కూర్చునే నోటరీ కోదండపాణి గారు దొరికారు. వైద్య సభ్యుడు కావాలన్నారు. పశువైద్యుడు డాక్టర్ సుందరం గారిని పిలిచారు. నోరు లేని రోగులతో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం. పరాంకుశం గారు అధ్యక్షులు, అప్పలాచారి కార్యదర్శి.

మొదటి సమావేశంలో మొదటి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది: "సమ్మతి అందువరకు సదరు మొక్కల నుండి ఎట్టి ఆకును గానీ రెమ్మను గానీ సేకరించరాదు."

"సార్, మొక్కల్ని సమ్మతి అడగరు. ప్రపంచంలో ఎక్కడా అడగరు," అంది వింధ్యావళి.

"ఎక్కడా అడగరు కాబట్టే మనం అడగాలి. నూతన పద్ధతులు అని ఇంకో అయిదు మార్కులున్నాయి."

"డిసెంబరు మొదటి వారంలోగా ఆకులు పరీక్షించుకోవాలి సార్. ఆ తర్వాత మంచు పడిపోతుంది."

"అయితే త్వరగా సమ్మతించమను."

నాలుగో నియమం దగ్గర చర్చ వేడెక్కింది. పరిశోధన వివరాలను మొక్కకు దాని మాతృభాషలో తెలియజేయాలి.

"తెచ్చింది తెల్లదొర. మాతృభాష ఇంగ్లీషే అవుతుంది," అన్నారు డాక్టర్ సుందరం.

"దొర తెచ్చింది వీటి ముత్తాతని," అని కోదండపాణి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇవి ఇక్కడ పుట్టాయి, ఇక్కడ పెరిగాయి. స్థానికత నాలుగేళ్ళ నివాసంతో వస్తుంది."

"మూడేళ్ళేనండీ," అన్నాడు అప్పలాచారి నిజాయితీగా.

"విత్తనంగా ఉన్న కాలం కలుపుకో."

స్థానిక భాష అని తేలింది. ఇక తొమ్మిదో నియమం. మాట్లాడలేని మొక్క తరఫున దానికి అన్నపానాలు చూసే సంరక్షకుడు హామీ ఉండాలి. అన్నపానాలు అనగానే అందరికీ దాలమ్మ గుర్తొచ్చింది. వల ఇంట్లో పదకొండేళ్ళుగా నీళ్ళు పోసి, కలుపు తీసే మనిషి. కొండ మీది ఊరు. ఆమెను పిలిచి ఒక ఉత్తర్వు చేతిలో పెట్టారు. పాంగి దాలమ్మ అను నామె రెండు వందల నలభై మొక్కలకు చట్టబద్ధమైన సంరక్షకురాలుగా ఇందుమూలముగా నియమింపబడినది.

దాలమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "నాకు నలుగురున్నారు బాబూ. ఆళ్ళనే సూడనేక సత్తన్నాను. ఇప్పుడు ఈళ్ళకి పెళ్ళిళ్ళు కూడా నానే సెయ్యాలేటి?"

"పెళ్ళిళ్ళు అక్కర్లేదు. సంతకం చాలు," అన్నాడు అప్పలాచారి.

సమ్మతి పత్రంలో మొక్క పేరు, వయసు, శాశ్వత చిరునామా, తండ్రి పేరు అని గడులున్నాయి. తండ్రి పేరు దగ్గర అప్పలాచారి వింధ్యావళిని సంప్రదించాడు. పుప్పొడి తెచ్చింది ఏ ఈగో, ఏ తేనెటీగో చెప్పలేమంది ఆమె. 'తెలియదు' అని రాయడానికి అతని మనసొప్పలేదు. పరువు గల మొక్కలు. అన్నిటికీ 'లేటు' అని రాసి ఊరుకున్నాడు.

అసలు చిక్కు ఆరో నియమంతో వచ్చింది. మొక్క సంతకం గానీ, సంతకం రానిచో ముద్ర గానీ తీసుకోవాలి.

"ఆకు ముద్ర వేయిద్దాం. ఆకు తుంచి, ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కుదాం," అన్నారు పరాంకుశం గారు.

కోదండపాణి గారు చెయ్యెత్తారు. "ఆకు తుంచాలంటే సమ్మతి కావాలి. అది మొదటి తీర్మానం."

"సమ్మతి కావాలంటే ముద్ర కావాలి కదా."

"ముద్ర కావాలంటే ఆకు తుంచాలి."

వింధ్యావళికి ఒక్క క్షణం ఆశ కలిగింది. ఇక్కడితో ఇది ఆగిపోతుంది, వీళ్ళంతా టీ తాగి ఇళ్ళకు పోతారు అనుకుంది. కానీ ఆమె కోదండపాణి గారి తెలివిని తక్కువ అంచనా వేసింది. ముప్పై ఏళ్ళు పట్టా కింద కూర్చుని, మంచం పట్టినవాళ్ళ వేలిముద్రలు ఇళ్ళకెళ్ళి తీసుకొచ్చిన మనిషి ఆయన.

"మొక్కనెందుకు కదపడం? మనమే వెళదాం. ఆకు మొక్కకే ఉండగా కింద కాగితం పెట్టి ముద్ర తీసుకుందాం. రిజిస్ట్రేషన్ చట్టంలో ఇలాంటి సౌలభ్యం ఉంది."

బల్లలు చరిచారు. శుక్రవారం మంచి రోజన్నారు.

ఆ శుక్రవారం పొద్దున్న తొమ్మిదికి కమిటీ వల ఇంటి ముందు దిగింది. ఒక స్టాంపు ప్యాడు, రెండు వందల నలభై పత్రాలు, నాలుగు కొబ్బరికాయలు. వింధ్యావళి సబ్బుబిళ్ళా, నీళ్ళ బకెట్టూ పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"సార్, ముందు పడమటి మడుల నుంచి మొదలెట్టండి. అవి ఆరోగ్యమైనవి. తూర్పువి ఆఖర్న. అసలు ఒక్కో దానికీ చెయ్యి కడుక్కుంటే..."

"శుభమా అని పని మొదలెడుతూ పడమటి దిక్కుకా!" పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "ఈశాన్యం మూల మొదటి మొక్కతో ఆరంభం. వాస్తుకి కూడా సైన్సుందమ్మా."

"కనీసం ప్యాడ్ అయినా మార్చండి సార్. ఒక్కటే ప్యాడయితే దీని రసం దానికి అంటుతుంది."

"ఆ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వు. వచ్చే సమావేశంలో పెడదాం."

ఆమె ఇంకేదో అనబోయింది. కోదండపాణి గారు పదకొండో నియమం చదివారు: సమ్మతి స్వీకరించు సమయమున పరిశోధకుడు మొక్కపై ఒత్తిడి తెచ్చు అవకాశము ఉన్నందున అక్కడ ఉండరాదు.

"ఒత్తిడా? నేనా?"

"వ్యక్తిగతంగా తీసుకోకండి," అన్నారు డాక్టర్ సుందరం జాలిగా.

అలా మూడేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న వల ఇంటి బయట, మొక్కల బంధువులకని వేసిన కుర్చీలో కూర్చుంది వింధ్యావళి. పక్కన సబ్బుబిళ్ళ. వలలోంచి లోపలివాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడలేదు. దాలమ్మ గొంతు మాత్రం బాగా వినబడింది. నియమావళిని ఆమెకు చదివి వినిపించి, నీ భాషలో చెప్పమన్నారు. ఆమె చెప్పింది.

"ఒలే బొబ్బాకూ! ఇటిను. మేడమ్మ గారు నీ ఆకు ఒకటి కోత్తారు. ఊరికినే కోయరు, సదువుకోసం కోత్తారు. నీకు జొరమో కాదో సూత్తారు. మందూ మాకూ ఏటీ ఇవ్వరు, ముందే సెప్పేత్తన్నాను. ఇట్టమైతే ఊరుకో. ఇట్టం నేకపోతే సెప్పు."

నిశ్శబ్దం.

"ఊరుకుంది బాబూ."

"మౌనం అంగీకారం. రాసుకో," అన్న పరాంకుశం గారి గొంతు.

"రెండో మొక్క," అన్న అప్పలాచారి గొంతు.

సాయంత్రం అయిదున్నరకు రెండు వందల నలభయ్యో బొబ్బాకు ఊరుకుంది. ఒక్క మొక్క కూడా కాదనలేదు. ఫొటో దిగారు.

మర్నాడు ఉదయానికల్లా కమిటీ నలుగురి చేతులూ పూరీల్లా పొంగాయి. అప్పలాచారి బొటనవేలు మరీ వంకాయంత అయింది. అత్యవసర సమావేశం పెట్టారు. ఎజెండాలో ఒక్కటే అంశం: సదరు బొబ్బలు మొక్కలు తెలియజేసిన అసమ్మతిగా పరిగణించవచ్చునా?

కోదండపాణి గారు కట్టు కట్టిన చేత్తో పుస్తకం తిరగేసి, అసమ్మతి సమ్మతికన్నా ముందు రావాలని, తర్వాత వచ్చినది కేవలం అభిప్రాయం అవుతుందని తేల్చారు. తీర్మానం నెగ్గింది. చేతులెత్తడం కష్టమైంది కాబట్టి తలలూపి నెగ్గించారు.

వింధ్యావళి ఆకులు కోసుకోవడానికి అనుమతి పత్రం మాత్రం ముహూర్తాలు, సీళ్ళు, నకళ్ళు అన్నీ దాటుకుని మరో మూడు వారాలకు గానీ రాలేదు. వల ఇంటి తాళం కూడా అప్పటిదాకా కమిటీ దగ్గరే ఉంది. నీళ్ళు పోయడానికి సంరక్షకురాలికి మాత్రం తలుపు తీసేవారు.

మూడు వారాల తర్వాత లోపలికి అడుగుపెట్టిన వింధ్యావళి పడమటి మడుల దగ్గర ఆగిపోయింది. లేత ఆకుల మీద పసుపు చారలు. మొదటి మడి, రెండో మడి, మూడో మడి. వంగి ఒక్కో ఆకే చూసుకుంటూ పోయింది. ఆ రోజే పరీక్ష పెట్టింది. జబ్బుంటే పసుపు రంగు తేలే గుంటల పళ్ళెం అది. నూట ఇరవై గుంటల్లో నూట ఆరు పసుపుపచ్చగా తేలాయి. మిగిలిన పద్నాలుగు మాత్రం నీళ్ళలా తేటగా ఉన్నాయి. ఆ పద్నాలుగు మొక్కలూ మూడో మడిలో ఒకే వరసలో, పక్కపక్కనే ఉన్నాయి.

పోల్చి చూడ్డానికి ఆరోగ్యమైన మొక్కలే లేకపోతే ఇక పరీక్షేమిటి, మంచేమిటి. ఆమె మడి గట్టు మీద కూలబడింది. కళ్ళనీళ్ళు తుడుచుకుందామంటే చేతులకి బొబ్బాకు రసం. అలాగే వదిలేసింది.

దాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏటమ్మా, పిల్లలకి ఏటైంది?"

"నీ పిల్లలందరికీ జబ్బు అంటించారు దాలమ్మా. ఆ రోజు లోపల అసలేం చేశారు? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏటి సేత్తారమ్మా. ప్యాడు మీద ఆకు పెట్టి అదిమేసినారు. మా తల్లి ఆకు సెమ్మగా ఉంటాది కదా, ముద్దర అలికిపోయింది. అందుకని అప్పలాచారి సారు ఏటి సేసినాడు, ముగ్గుపిండి తెప్పించినాడు. ఆకు మీద సల్లి, బొటనేలెట్టి గట్టిగా రుద్దీసి, అప్పుడు ముద్దరేసినాడు. అచ్చు గుద్దినట్టు పడింది. అది సూసి మిగతా బాబులూ అలాగే రుద్దీసినారు."

వింధ్యావళి తలెత్తింది. "ముగ్గుపిండి చల్లి రుద్దారా? ప్రతి మొక్కకీనా?"

"మద్దెలో అయిపోయింది. నానే మా పెద్దోడిని ఇంటికంపి ఇంకో పొట్లాం తెప్పించినాను. ఏం, పండగపూట ముగ్గేసినట్టుంది తోటంతా."

కావాలని ఒక మొక్కకి వైరస్ ఎక్కించాలంటే ల్యాబుల్లో చేసేది సరిగ్గా అదే. ఆకు మీద గరుకైన పొడి చల్లి, జబ్బు మొక్క రసంతో వేలు తడిపి రుద్దుతారు. ఆ పని వింధ్యావళికి నేర్పడానికి ఆమె గురువుకి ఆరునెలలు పట్టింది. అప్పలాచారికి పుట్టుకతోనే వచ్చినట్టుంది.

"అయిపోయింది ఏ మొక్క దగ్గర? మళ్ళీ పిండి వచ్చింది ఏ మొక్క దగ్గర?"

"అదేటి గుర్తుంటాదమ్మా! అందరూ ఒక్కలాగే ఉంటారు. నాకంటే ఈళ్ళు మొకాలు గుర్తు, ఆ బాబులకి అదీ నేదు."

ఆ మాట వింటూనే వింధ్యావళి లేచి నిలబడింది. గుర్తుండక్కర్లేదు. రాసి ఉంటుంది. ప్రతి పత్రం మీదా వరస సంఖ్య, ముద్ర వేసిన సమయం, వేయించినవారి సంతకం, ఆకు ముద్ర. రెండు వందల నలభై. ఏ మొక్క తర్వాత ఏ మొక్కని ఎవరు ముట్టుకున్నారో నిమిషాలతో సహా. ఇంత నిక్కచ్చి లెక్కతో వైరస్ ఎక్కించిన ప్రయోగాన్ని ఆమె ఎక్కడా చదవలేదు. మంచు ప్రశ్న పోయింది. కానీ జబ్బు చేతుల మీదుగా ఎలా పాకుతుందన్న ఇంకో ప్రశ్న, దాని జవాబుతో సహా ఆఫీసు బీరువాలో ఉంది.

పరాంకుశం గారు గ్రేడింగ్ దరఖాస్తు చివరి పేజీలో ఉన్నారు. చేతి కట్టు విప్పేశారు.

"ఆరోగ్యమైన మొక్కలకు జబ్బు పాకింది సార్. ప్యాడ్ వల్ల," అంది వింధ్యావళి.

"ఇంతకుముందు సగానికే ఉండేదా?"

"అవును సార్."

"ఇప్పుడు అందరికీ ఉంది." ఆయన దరఖాస్తు పేజీలు వెనక్కి తిప్పారు. "వివక్ష పోయిందన్నమాట. సమానత్వం కింద ఏమన్నా మార్కులున్నాయేమో చూడవయ్యా అప్పలాచారీ."

"ఆ సమ్మతి పత్రాలు ఒకసారి చూడాలి సార్."

ఆయన మొహం మారింది. "పద్నాలుగో నియమం తెలుసు కదమ్మా. మొక్కల వ్యక్తిగత వివరాలు గోప్యం. పరిశోధకులకు చూపరాదు. నా అంతటివాణ్ణి నేను చూడాలన్నా కుదరదు."

"ఎవరూ చూడకూడదా సార్?"

"మొక్క చూడొచ్చు," అన్నాడు అప్పలాచారి నియమావళి తిరగేసి. "మొక్క గానీ, సంరక్షకుడు గానీ, ఎప్పుడు కోరినా."

అది చెప్పినందుకు అతను తర్వాత చాలా బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని, నియామకపు ఉత్తర్వు చేత్తో పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. సూపరింటెండెంట్ బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. పదకొండేళ్ళలో ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు.

"మా పిల్లల కాయితాలియ్యి బాబూ. సూసుకోవాల."

"నీకు చదవడం రాదు కదే దాలమ్మా!"

"బడికి ఎల్లి పిల్లల మార్కులు సూడమంటే సూడమా? సదువొచ్చే ఎల్తన్నామేటి?"

"ఎన్నోవాళ్ళవి కావాలి?"

"అందరియ్యీనీ. ఒకళ్ళవి సూసి ఒకళ్ళవి సూడకపోతే బాగుంటాదేటి, తల్లిని కదా."

అప్పలాచారి లోపలికి వెళ్ళి డైరెక్టర్ గారిని అడిగి వచ్చాడు. నోటరీ గారికి ఫోన్ చేశాడు. కోదండపాణి గారు అటునుంచి అర్ధగంట ఆలోచించి, చట్టప్రకారం ఆపలేమని, అయితే అక్కడే కూర్చుని చూడాలని సెలవిచ్చారు.

"కళ్ళు సరిగ్గా ఆనవు బాబూ. తోడు ఒకలు కావాల," అంది దాలమ్మ. తోడు గుమ్మం అవతలే ఉంది. సంరక్షకురాలికి చూపు ఆనకపోతే చదివిపెట్టేవారు ఉండరాదని నియమావళిలో ఎక్కడా లేదు. బావమరిది ఆసుపత్రిలో ఎవరికీ ఆ ఆలోచన తట్టలేదు.

రెండు రోజులు పట్టింది. దాలమ్మ ఒక్కో పత్రం తీసి ముద్ర చూసి "ఇది బాగుంది" "ఇది అలికింది" అనేది. వింధ్యావళి నోటుపుస్తకంలో రాసుకునేది. రెండు వందల ముప్పై ఎనిమిదో పత్రం మీద టీ మరక తప్ప రికార్డులో ఒక్క లోపం లేదు. అప్పలాచారి దస్తూరి ముత్యాలే. మధ్యాహ్నం భోజనం తర్వాత, నూట అరవై మూడో మొక్క నుంచి నూట డెబ్బై ఆరో మొక్క దాకా ఉన్న ముద్రలన్నీ అలికిపోయాయి. పిండి లేకుండా వేసినవి. సరిగ్గా పద్నాలుగు.

వింధ్యావళి ఆ పద్నాలుగు అంకెల్నీ తన మడుల లెక్కతో సరిచూసుకుంది. మూడో మడిలో జబ్బు సోకకుండా మిగిలినవి అవే.

పేపరు నెలరోజుల్లో రాసింది. మార్చి మొదటి వారంలో ఒక మంచి పత్రిక అంగీకరించింది. పేపరు పరీక్షించినవారిలో ఒకాయన, ఇంత ఓపికతో, ఒకే రోజున ఇన్ని మొక్కలకు వైరస్ ఎక్కించిన బృందాన్ని అభినందిస్తున్నానని ప్రత్యేకంగా రాశాడు.

ఆ సంగతి తెలియగానే పరాంకుశం గారు ఆమెను పిలిపించారు. కాంట్రాక్టు పొడిగింపు కాగితం బల్ల మీద ఉంది. దాని మీద పెన్ను ఉంది. పెన్ను మీద ఆయన చెయ్యి ఉంది.

"పేపర్లో మా పేర్లుండాలి కదమ్మా. కమిటీ అందరివీ. ఏదో ఒక మూల."

"మూలేమిటి సార్. మీరు లేకపోతే ఈ ఫలితమే లేదు. ఒక పట్టికే మీకోసం వేశాను."

ఆయన పొంగిపోయి మూడేళ్ళకు సంతకం చేశారు. ఆ మధ్యాహ్నమే వింధ్యావళి దాలమ్మతో కలిసి ఆ పద్నాలుగు మొక్కల్ని వేరే వల ఇంట్లోకి మార్చింది. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. పద్నాలుగుతో నూట ఇరవై కావాలంటే రెండు వానాకాలాలు పడతాయి. పడనీ అనుకుంది.

పరాంకుశం గారు మట్టి విభాగంలో పైకొచ్చిన మనిషి. పేపర్లు చదవడం మానేసి పదిహేనేళ్ళయింది. మూడో పేజీలో రెండో పట్టికలో తన పేరు అచ్చులో చూసుకుని అంతటితో ఆగారు. ఆ పేజీని పది అడుగుల ఫ్లెక్సీగా వేయించి గేటు దగ్గర కట్టించారు. పట్టిక పైన ఇంగ్లీషులో 'ఈ ప్రయోగంలో వైరస్‌ను మోసిన వాహకాలు' అని ఉంది. కింద వరసగా: పేనుబంక, సున్నా. గాలి, సున్నా. నీరు, సున్నా. పి. పరాంకుశం, తొమ్మిది. డాక్టర్ సుందరం, పదకొండు. కోదండపాణి, పద్నాలుగు. అప్పలాచారి, డెబ్బై రెండు.

తనకన్నా అప్పలాచారికి అంత పెద్ద అంకె రావడం పరాంకుశం గారికి కొంచెం గుచ్చుకుంది. కానీ పేరు మాత్రం తనదే ముందుంది.

గ్రేడింగ్ బృందం ఏడాది ఆలస్యంగా వచ్చింది. దానికి పెద్ద ఆచార్య మందాకిని గారు. తెల్లజుట్టు, నూలు చీర, జన్మంతా మొక్కల వైరస్‌లతోనే గడిపిన మనిషి. కారు దిగి నేరుగా ఫ్లెక్సీ ముందుకు వెళ్ళి నిలబడ్డారు. మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా చదివారు. మళ్ళీ ఒకసారి చదివారు.

"నేనే పరాంకుశాన్ని," అంటూ డైరెక్టర్ గారు నిండు నవ్వుతో ఎదురెళ్ళి చెయ్యి చాపారు. వెనకే అప్పలాచారి కూడా చాపాడు.

మందాకిని గారు రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించారు. తర్వాత వింధ్యావళి కేసి తిరిగి, "మీ మొక్కలు చూడొచ్చా అమ్మా?" అన్నారు. వల ఇంటి గుమ్మం దాకా అందరూ వెంట వచ్చారు. అక్కడ ఆమె ఆగి, లోపలికి తామిద్దరూ, ఆ దాలమ్మగారూ చాలని, పెద్దలు శ్రమపడి రానక్కర్లేదని ఎంతో వినయంగా చెప్పారు. నలుగురూ బయట బంధువుల కుర్చీల్లో కూర్చున్నారు.

"చూశావటయ్యా," అన్నారు పరాంకుశం గారు అప్పలాచారితో, ఇంకా చాపిన చెయ్యి పూర్తిగా దించకుండానే, "అంత చదువుకున్నావిడ, షేక్‌హ్యాండ్ వద్దని దణ్ణం పెట్టింది. అదీ సంస్కారం అంటే."